డయాలసిస్ పేషెంట్‌కి ఇంటి దగ్గర పోర్టబుల్ స్కాన్ చేయించవచ్చా?

సోంపేట దగ్గర ఊళ్లో ఉంటున్న మీ అమ్మగారికి వారానికి రెండు డయాలసిస్‌లు, మధ్యలో ఆయాసం. ఫోన్‌కి తగిలించే అల్ట్రాసౌండ్ ప్రోబ్ (ఒంటికి ఆనించే పరికరం) తెచ్చి ఇంట్లోనే స్కాన్ చేస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా అన్నారు.

ఒప్పుకోవద్దు. లింగనిర్ధారణ నిషేధ చట్టం నిబంధనల్లో 2012లో చేర్చిన షరతు ప్రకారం పోర్టబుల్ మెషీన్‌ని రిజిస్టరైన ఆసుపత్రి లోపల ఇన్‌పేషెంట్లకి వాడాలి, లేదా ఇతర వైద్యసేవలూ ఇచ్చే సంచార వైద్య వాహనంలో వాడాలి. పేషెంట్ పెద్దావిడే కదా అంటే కుదరదు. షరతు మెషీన్ మీద, మనిషి మీద కాదు. ఎవరైనా వాహనంలో వస్తామంటే రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, అనుమానముంటే శ్రీకాకుళం జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో అడగండి.

అలా రిజిస్టరైన చోట స్కాన్ చేయిస్తే మాత్రం ఆయాసానికి ఇది నిజంగా పనికొస్తుంది. ఛాతీకి రెండువైపులా నాలుగేసి చోట్ల, పక్కటెముకల సందుల్లో ప్రోబ్ పెడతారు. ఊపిరితిత్తి పొర దగ్గర మొదలై తెర అడుగుదాకా మసకబారకుండా దిగే తెల్ల చారలే బీ లైన్లు. ఒక సందులో మూడు, అంతకు మించి ఉంటే ఆ చోటు లెక్కలోకి వస్తుంది. రెండువైపులా కనీసం రెండేసి చోట్ల అలా ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని గట్టి అనుమానం. జ్వరంతో ఒకవైపే కనిపిస్తే న్యుమోనియా కావచ్చు.

తప్పులు ఎక్కువగా జరిగేది పోల్చి చూసేటప్పుడే. నిన్న కూర్చోబెట్టి, ఇవాళ పడుకోబెట్టి చూస్తే చారల లెక్క మారుతుంది. అందుకే డయాలసిస్‌కి ముందూ తర్వాతా ఒకే భంగిమలో, అవే చోట్ల, అదే డెప్త్‌లో (తెర మీద చూపే లోతు) చూడమనండి. పొట్ట సెట్టింగ్‌లో బొమ్మ నునుపై చారలు మరుగునపడతాయి, లంగ్ సెట్టింగ్ పెట్టాలి. జెల్ అయిపోయిందని కొబ్బరినూనె రాస్తే ప్రోబ్ ముఖం రబ్బరు పాడైపోతుంది.

ఇంట్లో మీరు చేయాల్సింది వేరే ఉంది. రోజూ పొద్దున్నే ఒకే టైముకి బరువు, ఆక్సిజన్, కాళ్ల వాపు రాసిపెట్టండి. డాక్టరు చెప్పిన హద్దు దాటి బరువు పెరిగినా, వెల్లకిలా పడుకోలేకపోయినా తర్వాతి డయాలసిస్ దాకా ఆగకండి. ఆక్సిజన్ 90 శాతం కన్నా తగ్గితే 108కి ఫోన్ చేయండి. ఒంట్లో సత్తువ పోయి గుండె నెమ్మదిగా కొట్టుకుంటున్నట్టుంటే పొటాషియం పెరిగిందేమో. అది ఏ స్కాన్‌లోనూ కనపడదు, వెంటనే ఈసీజీ, రక్తపరీక్ష చేయించండి.