సర్వర్ ధర ఒక్కటే చూసి బడ్జెట్ వేయకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆఫీసు మెయిల్ సర్వర్ మార్చడానికి నువ్వు పంపిన కొటేషన్ చూశాను. సర్వర్, విండోస్ లైసెన్సు, వారంటీ... అంతే ఉంది. దీనికి సంతకం సులువుగానే పడుతుంది. తర్వాత మళ్లీ డబ్బు అడగడానికి పై వాళ్ల ముందు నిలబడాల్సింది మాత్రం నువ్వే.

మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్ 2016, 2019 వెర్షన్లు రెండింటికీ 2025 అక్టోబరు 14తో సపోర్టు ముగిసింది కాబట్టి మారక తప్పదు. 2019 ఉన్నవాళ్లు కొత్త సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌ను మామూలు అప్‌డేట్‌లా అదే సర్వర్ మీద వేసుకోగలిగారు. నీ దగ్గరున్నది 2016. పక్కన కొత్త సర్వర్ పెట్టి మెయిల్‌బాక్సులన్నీ అటు తరలించాల్సిందే. 2007 వెర్షన్ 64 బిట్ మెషీన్లు కావాలన్నప్పుడూ ఇదే గోల. నిక్షేపంలా నడుస్తున్న 32 బిట్ సర్వర్లు మూలన పడ్డాయి. పాతదీ కొత్తదీ కలిసి నడిచినన్నాళ్లు కరెంటు, యూపీఎస్, బ్యాకప్ లైసెన్సు అన్నీ రెండింతలు. ముందు ఆ ఖర్చు రాయి.

డిస్కు దగ్గర పిసినారితనం వద్దు. మెయిల్‌బాక్సులు తరలిస్తుంటే కొత్త సర్వర్లో లాగ్ ఫైళ్లు (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ రాసుకునేవి) కుప్పలుగా పెరుగుతాయి. 500 జీబీ మెయిల్ కదిలిస్తే లాగ్‌లూ దాదాపు అంతే వస్తాయి. బ్యాకప్ పూర్తయితేనే అవి తగ్గుతాయి. శుక్రవారం రాత్రి అన్నీ ఒకేసారి కదిలించి ఇంటికెళ్లిపోతే, తెల్లారేసరికి డ్రైవ్ నిండి డేటాబేస్ ఆగిపోతుంది. ఇక వారాంతమంతా టెన్షనే. కొన్ని కొన్నిగా తరలించు, మధ్యలో బ్యాకప్ తీయించు.

మెమరీ సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ 128 జీబీ అంటుంది కానీ అది సిఫారసు. అంతకంటే తక్కువుంటే ఇన్‌స్టాల్ కాదని కాదు. నీ మెయిల్‌బాక్సుల సంఖ్య, వాడకం పెట్టి ఎంత మెమరీ కావాలో లెక్క (సైజింగ్) వేయించి, కొన్ని స్లాట్లు ఖాళీగా ఉంచి కొను. వెండర్ ఈ మాట తనంతట తాను చెప్పడులే!

లైసెన్సు కూడా ఒకసారి కొనేస్తే సరిపోయే రోజులు పోయాయి. సర్వర్‌కీ, వాడేవాళ్లకీ సబ్‌స్క్రిప్షనో, సాఫ్ట్‌వేర్ అష్యూరెన్సో (లైసెన్సు మీద డబ్బు కడుతూ కొనసాగించే మైక్రోసాఫ్ట్ ఒప్పందం) నడుస్తూ ఉండాలి. అందుకే అయిదేళ్ల మొత్తం వేసి, క్లౌడ్ మెయిల్ అయిదేళ్ల ఖర్చు పక్కన పెట్టి చూడు. మనుషులు తక్కువైతే చాలాసార్లు సొంత సర్వర్ గిట్టుబాటు కాదు. నాకు సొంత సర్వరంటేనే ఇష్టం, అది వేరే విషయం.

ఆఫీసంతా ఒకసారి తిరిగి మెయిల్ పంపే ప్రతి మెషీన్నీ రాసుకో. పాత స్కానర్లు, బిల్లులు పంపే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ లాంటివి కొన్ని, కొత్త సర్వర్ వాడే టీఎల్ఎస్ 1.2ను (కనెక్షన్‌ను భద్రంగా ఉంచే ఎన్‌క్రిప్షన్ పద్ధతి) అర్థం చేసుకోలేవు. వాటిని మార్చడమో, మధ్యలో రిలే (వాటి మెయిల్ అందుకుని సర్వర్‌కు చేరవేసేది) పెట్టడమో చేయాలి. కొటేషన్లలో ఎప్పుడూ కనిపించని ఖర్చు ఇదే.

చివర్లో పాత సర్వర్‌ను ఊరికే ఆపేయకు. ఎక్స్ఛేంజ్‌ను పద్ధతిగా అన్‌ఇన్‌స్టాల్ చేయాలి, లేకపోతే దాని ఆనవాళ్లు యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు యూజర్లు, కంప్యూటర్ల వివరాలుండే విండోస్ పట్టికలో) ఉండిపోయి సతాయిస్తాయి. ఆ పనికయ్యే మనిషి రోజులు కూడా కలిపి కొటేషన్ మళ్లీ రాయించి పంపు, చూస్తాను.