యెంటె అంటే పెళ్ళిళ్ళ పేరమ్మా?

సందేహం: ‘ఫిడ్లర్ ఆన్ ద రూఫ్’ సినిమాలో ఇంటింటికీ తిరిగి సంబంధాలు కుదిర్చే ఆవిడ పేరు యెంటె. తూర్పు ఐరోపా యూదుల భాష అయిన యిడ్డిష్‌లో ఆ మాటకు అర్థమే పెళ్ళిళ్ళ పేరమ్మ అని ఎక్కడో చదివాను. నిజమేనా? తెలుగులో ‘యెంటా’ అని రాయాలా, ‘ఎంటె’ అని రాయాలా?

సమాధానం: నిజం కాదు. సంబంధాలు కుదిర్చేవాణ్ణి యిడ్డిష్‌లో ‘షద్ఖన్’ అంటారు. అది హీబ్రూ నుంచి వచ్చిన మాట. యెంటె ఒట్టి ఆడపేరు. అదీ చాలా మర్యాదైన పేరు.

ఫ్రాన్సు, ఇటలీల వైపు నుంచి రైన్ నదీ తీరానికి చేరిన యూదులు తమ పాత మాటలు కొన్ని వెంట తెచ్చుకున్నారు. ‘అందగత్తె’ అనే అర్థమున్న ‘బెయ్‌లె’ అలా వచ్చిన పేరే. యెంటెకు మూలం ‘జెంటిల్’: ఉన్నత వంశంలో పుట్టినది, సౌమ్యురాలు అని. మొదటి ‘జ’ కాస్తా ‘య’ అయింది. తెలుగులో ఈ మార్పు ఎదురు దిక్కున నడిచింది. యముడు జముడయ్యాడు, యాత్ర జాతరైంది. ఇక్కడో తమాషా ఉంది. యూదులు కానివాళ్ళను ఇంగ్లీషులో ‘జెంటైల్’ అంటారే, అదీ ఈ ‘జెంటిల్’కున్న లాటిన్ వేరు నుంచి మొలిచిందే!

మరి ఇంత గౌరవమైన పేరు ఎలా పలచబడింది? న్యూయార్క్‌లో 1897లో మొదలైన ‘ఫోర్వర్ట్స్’ అనే యిడ్డిష్ పత్రికలో జేకబ్ ఆడ్లర్, బి. కోవ్నర్ అనే కలం పేరుతో హాస్య రచనలు చేసేవాడు. అందులో యెంటె టెలెబెండె అనే గయ్యాళి పాత్ర జనానికి తెగ నచ్చింది. దాంతో అమెరికా యూదుల నోట ‘యెంటె’ అంటే ఊరి కబుర్లన్నీ మోసే మనిషి అని స్థిరపడింది. ఇక్కడి మాట అక్కడ చేర్చేవాణ్ణి మనం నారదుడు అనడం లేదూ, అలాగన్నమాట. తర్వాత 1964లో ‘ఫిడ్లర్’ నాటకం సంబంధాలు చూసే పాత్రకు ఈ పేరు పెట్టింది. దానికి మూలమైన, యిడ్డిష్ రచయిత షోలెం అలైఖెం కథల్లో ఆ పని చేసేది ఎఫ్రాయిమ్ అనే మగవాడు! నాటకం, 1971లో సినిమా చూసిన వాళ్ళు పాత్ర వృత్తినే పేరుకు అర్థమనుకున్నారు. కాబట్టి అమెరికన్ కథల్లో ‘యెంటా’ అనే మాట ఎదురైతే ‘పేరమ్మ’ అని అనువదించకండి. ‘వాగుడుకాయ’ చాలావరకు సరిపోతుంది.

ఇక రాత సంగతి. యిడ్డిష్‌లో ఈ పేరు చివర ఉన్నది హ్రస్వ ‘ఎ’. ‘యెంటా’ ఇంగ్లీషు స్పెల్లింగు వల్ల వచ్చింది. మాట మొదటి ‘ఎ’ను మనం ఎలాగూ ‘యె’ అనే పలుకుతాం కాబట్టి ‘ఎంటె’ అన్నా వినడానికి తేడా లేదు. కానీ మూలంలో యకారం ఉంది, ‘యెమెన్’ అనే దేశం పేరులో లాగా రాతలోనూ ఉంచడమే నాకిష్టం: ‘యెంటె’. ముద్దుపేరు ‘యెంట్ల్’ మాత్రం మన నోటికి తిరగదు. ‘యెంటిల్’ అని రాసుకోవచ్చు, తప్పేం లేదు.