పాఠకుల ప్రశ్నలు: గడ్డం దాకా కొలిస్తే సరిపోని బోర్డు

ప్రశ్న: నా వయసు 29, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు. గుల్‌మార్గ్‌లో రెండు శీతకాలాలు మెత్తని బూట్లతో మామూలు స్నోబోర్డు నేర్చుకున్నాను. వచ్చే జనవరిలో కజకిస్తాన్‌లో ఆల్మటీ దగ్గరి షింబులాక్‌కు వెళ్లి, గట్టి బూట్లు వేసుకుని ఆల్పైన్ బోర్డు మీద కార్వింగ్, అంటే అంచు మీద ఒరిగి జారకుండా మలుపులు తిరగడం, చేయాలని ఉంది. నిలబెడితే గడ్డానికి అందే బోర్డు, అంటే 155 సెంటీమీటర్లది చాలని నాకు నేర్పినాయన అన్నారు. జర్మనీలో ఉన్న మా బావ మాత్రం 185 సెంటీమీటర్ల పాత రేసు బోర్డు చవగ్గా దొరుకుతోందని కొలతలు పంపాడు: ముందు వెడల్పు 23.2, వెనక 22.8, నడుము 19.5 సెంటీమీటర్లు, వెడల్పు ఎక్కువగా ఉన్న ఆ రెండు చోట్ల మధ్య దూరం 164. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఇద్దరి మాటా వినవద్దు. గడ్డం కొలత మెత్తని బూట్లతో గెంతులు, గిరికీలు చేసేవారి బోర్డులకు పుట్టింది. అక్కడ బోర్డు గాలిలో తేలిగ్గా తిరగాలి కాబట్టి మనిషి ఎత్తుతో పోల్చి చూడడంలో కొంత అర్థం ఉంది. ఆల్పైన్ బోర్డు గాలిలోకి లేవదు. అంచు మీద ఒరిగి, మంచులో పెన్సిలు గీతంత సన్నని జాడ వదులుతూ, జారిపోకుండా తిరగడమే దాని పని. ఆ పనికి మీ ఎత్తు కన్నా మీ బరువూ, మీరు పోయే వేగమూ, ఆ వాలు వెడల్పూ ముఖ్యం.

కడప నుంచి రాయచోటికి వెళ్లేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌ను గుర్తు చేసుకోండి. అక్కడ ఏ మలుపు ఎంత వంపు తిరగాలో రోడ్డు వేసినవారు ముందే నిర్ణయించారు, లారీ డ్రైవరు దానికి తగ్గట్టు వేగం సర్దుకుంటాడు. కార్వింగ్‌లో రోడ్డు ఉండదు. బోర్డు రెండు చివర్ల వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా ఉండడం వల్ల దాని అంచు ఒక పెద్ద వృత్తంలో ముక్కలా వంగి ఉంటుంది. దీన్నే సైడ్‌కట్ అంటారు. అంటే మలుపును మీరు కాళ్ల కింద వెంట తీసుకుపోతున్నారన్నమాట. అందుకే పొడవు కన్నా ముందు ఆ వృత్తం వ్యాసార్ధం అడగాలి. పొడవు చాలావరకు దాని వెంబడే వస్తుంది.

వ్యాసార్ధం అమ్మేవాళ్లు చెప్పకపోయినా దర్జీ టేపుతో మీరే కట్టుకోవచ్చు. మీ బావ పంపిన అంకెలే తీసుకుందాం. ముందు, వెనక వెడల్పుల సగటు 23.0. అందులోంచి నడుము 19.5 తీసేస్తే 3.5 మిగులుతుంది. అది రెండు అంచులకు పంచుకునేది కనుక ఒక అంచు లోపలికి వంగిన లోతు 1.75 సెంటీమీటర్లు. ఇక 164ను 164తో హెచ్చించి, వచ్చిన 26,896ను ఆ లోతుకు ఎనిమిది రెట్లయిన 14తో భాగించండి. 1,921 సెంటీమీటర్లు, అంటే దాదాపు 19.2 మీటర్లు వస్తుంది. ఇప్పటి రేసు బోర్డుల్లో వంపు పొడవునా ఒకేలా ఉండదు కాబట్టి ఇది సగటు మాత్రమే, అయినా మన నిర్ణయానికి చాలు.

ఈ 19.2 మీటర్లు ఎంత వేగం అడుగుతాయో చూడండి. బోర్డును 45 డిగ్రీలు ఒరిగిస్తే తిరిగే మలుపు వ్యాసార్ధం సుమారు 13.6 మీటర్లకు తగ్గుతుంది; ఆ ఒరుగులో పడిపోకుండా నిలవాలంటే గంటకు 41 కిలోమీటర్ల పైచిలుకు వేగం కావాలి. అర్ధవృత్తం పూర్తిగా తిరిగేసరికి అడ్డంగా 27 మీటర్ల మంచు అయిపోతుంది. అదే 11 మీటర్ల వ్యాసార్ధం ఉన్న బోర్డయితే 45 డిగ్రీల దగ్గర మలుపు 7.8 మీటర్లు, వేగం 31 కిలోమీటర్లు, అడ్డంగా పట్టే చోటు 16 మీటర్ల లోపే. వాలు నిటారును లెక్కలోకి తీసుకోకుండా కట్టిన అంకెలివి. ఉన్నదున్నట్టు ఇలాగే జరగదు గానీ రెండు బోర్డుల మధ్య తేడా మాత్రం ఇంతే. గట్టి బూట్లు మొదటిసారి వేసుకున్న మనిషి, పక్కన పదిమంది జారుతున్న వాలులో 27 మీటర్ల అడ్డదారి అడిగితే ఎవరిస్తారు? వేగం చాలక బోర్డును ఒరిగించలేరు, ఒరిగించలేక జారుడుతోనే తిప్పుతారు, సెలవంతా అయిపోతుంది. పొడవైన బోర్డు చెడ్డదని దీని అర్థం కాదు. బారెడు అంచు మంచును పట్టుకుని ఉండడం వల్ల వేగంలో, గట్టి మంచు మీద అది వణకదు, గతుకులను మింగేస్తుంది. రేసుకు కోరుకునేది ఆ గుణమే. కాకపోతే అది వేగం తెచ్చేవాడికే ఆ ఫలం ఇస్తుంది.

గట్టిదనం సంగతి కూడా ఉంది. రేసు బోర్డు ఒరిగినప్పుడు మనిషి బరువుకూ వేగానికీ విల్లులా వంగితేనే మలుపు బిగుస్తుంది. పెద్ద వేగాలకు, తొంభై కిలోల పోటీదారుకు తయారైన పలక 70 కిలోల మనిషి కింద, నెమ్మదైన వేగంలో, గుమ్మం పలకలా బిర్రుగా ఉండిపోతుంది. కాబట్టి మీ బావను ఆ బోర్డు మొదట ఎంత బరువున్న వారి కోసం చేయించారో అడిగి తెలుసుకోమనండి. మంచి తయారీదారులు ఎత్తు కన్నా ముందు బరువే అడుగుతారు.

నా సలహా: 160 నుంచి 168 మధ్య పొడవు, 10 నుంచి 12 మీటర్ల వ్యాసార్ధం, మధ్యరకం గట్టిదనం. 155 మీకు తప్పు కాదు గానీ, చురుకైన స్లాలమ్ (దగ్గర దగ్గర మలుపుల పోటీ) బోర్డయితే కొత్తవారిని విసిరేస్తుంది. నడుము 20 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉండనివ్వండి. అంతకన్నా సన్నగా ఉంటే పాదాలను మరింత ముందుకు తిప్పి బిగించాలి, లేకపోతే బూటు కొసలు అంచు దాటి మంచులో తగులుతాయి. కొనేటప్పుడు బైండింగ్‌లో (బూటును బోర్డుకు బిగించే పట్టులో) బూటు పెట్టి, పై నుంచి చూసి, మడమా వేళ్లూ అంచు దాటకుండా ఉండే కోణం దొరుకుతుందేమో చూసుకోండి. చాలామందికి అది 55, 60 డిగ్రీల దగ్గర కుదురుతుంది. ఇంకొక మాట: ఈ బోర్డును గుల్‌మార్గ్ పైభాగంలోని తాజా మంచులోకి తీసుకుపోవద్దు, సన్నని ముక్కు అందులో గుచ్చుకుపోతుంది. యంత్రంతో చదును చేసిన మంచు మీద, పొద్దున్నే, ఇంకా గీతలు చెరగకముందు దీని మజా.

ప్రశ్న: నాది 158 సెంటీమీటర్ల ఎత్తు, 54 కిలోల బరువు. రెండేళ్లుగా గట్టి బూట్లతోనే సాధన చేస్తున్నాను, ఇక గేట్ల (మంచులో పాతిన గుర్తు కర్రల) మధ్య పోటీ పడాలనుకుంటున్నాను. ఒక్క బోర్డే కొనగలను. స్లాలమ్‌దా, జెయింట్ స్లాలమ్‌దా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: పోటీ ఏదో మొదట తేల్చుకోండి. స్లాలమ్‌లో గేట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక మీ బరువుకు 155 దగ్గరి బోర్డు వాడతారు; జెయింట్ స్లాలమ్‌లో గేట్లు దూరం జరుగుతాయి, వేగం పెరుగుతుంది, మహిళల బోర్డులు 170 నుంచి 180 దాకా పోతాయి, పురుషులవి 185 దాటుతాయి. ఒలింపిక్స్ సంగతి చూస్తే 1998 నగానోలో జెయింట్ స్లాలమ్‌తో మొదలై, 2002 నుంచి ఇద్దరు పక్కపక్కన దిగే ప్యారలల్ జెయింట్ స్లాలమ్ వచ్చింది. ప్యారలల్ స్లాలమ్ 2014 సోచిలో ఒక్కసారి కనిపించి తప్పుకుంది. పెద్ద పోటీల దారి పొడవైన బోర్డు వైపే ఉంది. చెక్ దేశపు ఎస్తెర్ లెదెట్స్కా 2018లో ప్యారలల్ జెయింట్ స్లాలమ్‌తో పాటు స్కీల మీద సూపర్-జీ అనే వేగపు పోటీ కూడా గెలిచిందంటే, ఆమెకు వేగం ఎంత అలవాటో ఊహించుకోండి.

అయినా మీరు ముందు 155–158 స్లాలమ్ బోర్డే కొనండి. సాధనకు దొరికే వాలు పొట్టిదైతే గంటకు ఎక్కువ మలుపులు తిరగగలిగేది దాని మీదే, గేటు దగ్గర ఆలస్యమైతే వెంటనే చెప్పేదీ అదే. వరుస గేట్లలో ఒక్క జారుడూ లేకుండా దిగడం వచ్చాక, 170 దగ్గరి జెయింట్ స్లాలమ్ బోర్డును ఎవరిదైనా అడిగి ఒక రోజు తొక్కి చూడండి. రెండో మలుపుకే వేగం చాలడం లేదనిపిస్తే తిరిగిచ్చేయండి. పురుషుల కోసం చేసిన 185 చవగ్గా వచ్చినా తీసుకోవద్దు, 54 కిలోలకు అది వంగదు.