రెండు సర్వర్ల మధ్య ప్రైవేట్ లింక్

ప్రశ్న: మా ల్యాబ్‌లో రెండు సర్వర్లను క్లస్టర్‌గా, అంటే ఒకటి ఆగితే రెండోది పని అందుకునేలా పెట్టాం. ఆఫీసు నెట్‌వర్క్ బిజీ అయితే చాలు, రెండో సర్వర్ మొదటిది పడిపోయిందనుకుని తనే పని అందుకుంటోంది. ఒకటే టెన్షన్. రెండింటి మధ్య ప్రైవేట్ లింక్ మేమే సెట్ చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తప్పకుండా చేసుకోండి. ఒక సర్వర్ బతికుందని రెండోదానికి తెలిపే సంకేతం (హార్ట్‌బీట్) మామూలు ట్రాఫిక్‌లో ఆలస్యమైతే ఇలాగే అవుతుంది, రెండు సర్వర్లూ ఒకే డేటాలో రాయడం మొదలుపెడితే డేటా పాడవుతుంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రెండింటిలోనూ ఖాళీగా ఉన్న పోర్టులను నేరుగా ఒక కేబుల్‌తో కలపండి, గిగాబిట్ పోర్టులైతే వైర్లు తారుమారు చేసిన క్రాస్ కేబుల్ అక్కర్లేదు. ఐపీలు చేత్తోనే ఇవ్వండి: ఆఫీసులో 192.168.1 ఉంటే ఇక్కడ 10.10.10.1, 10.10.10.2, మాస్క్ 255.255.255.0. ఒకే సర్వర్‌లోని రెండు నెట్‌వర్క్ కార్డులకూ (ఆఫీసుది, ఈ లింక్‌ది) ఒకే సబ్‌నెట్, అంటే ఒకే ఐపీల గుంపు ఇవ్వొద్దు.

గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి) గడి మాత్రం ఖాళీగా వదలండి. చాలామంది అక్కడ కూడా రూటర్ నంబరు కొట్టేస్తారు, దాంతో బయటికెళ్లాల్సిన ట్రాఫిక్ ఈ కేబుల్లోకి మళ్లి ఇంటర్నెట్ ఆగిపోతుంది.

ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెడితే రెండువైపులా పెట్టాలి, తర్వాత 8972 బైట్ల ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని చెప్పి పింగ్ చేయండి (మిగతా 28 బైట్లు ప్యాకెట్ ముందుండే హెడర్లకు పోతాయి). హార్ట్‌బీట్ ఈ కొత్త ఐపీల మీద నడవాలని క్లస్టర్ సెట్టింగ్‌లో మార్చి, ఆఫీసు లింక్‌ను రెండో దారిగా ఉంచండి. వీలైతే క్వోరమ్ (ఏ సర్వర్ పని చేయాలో తేల్చే మెజారిటీ) కోసం మూడో ఓటుగా ఒక చిన్న మెషిన్ కూడా పెట్టండి. ల్యాబ్ మూసేశాక ఈ కేబుల్ లాగి చూడండి, సర్వీసు రెండో సర్వర్‌కు మారకూడదు.