చిన్న అణు రియాక్టర్‌తో ఊరికి వేడి: వరంగల్‌కు పనికొస్తుందా?

చలి దేశాల్లో చిన్న అణు రియాక్టర్లతో ఇళ్లను వెచ్చబెడతారట, మన వరంగల్ వైపు కుదురుతుందా అని అడిగారు.

అణు విద్యుత్ కేంద్రంలో పుట్టే వేడిలో దాదాపు మూడో వంతే కరెంటు అవుతుంది, మిగతాది వృథా. ఆ వేడితో నీళ్లు కాచి, వేడి పోకుండా చుట్టిన గొట్టాల్లో ఊరికి పంపి, చల్లారాక వెనక్కి తెచ్చుకుంటారు. రష్యాలోని పెవెక్‌కు 2020 నుంచి తేలే అణు కేంద్రం ఇలాగే వేడి ఇస్తోంది. ఫిన్లాండ్‌వాళ్లు రూపొందిస్తున్న ఎల్‌డీఆర్-50 అనే చిన్న రియాక్టర్ కరెంటు జోలికే పోదు, 50 మెగావాట్ల వేడి ఇవ్వడమే దాని పని.

రియాక్టర్ నీళ్లు ఇళ్లలోకి రావు. అవి ఒక వలయంలో, ఊరి నీళ్లు ఇంకో వలయంలో తిరుగుతాయి. మధ్యలో లోహపు గోడల గుండా వేడి మాత్రమే దాటుతుంది.

మనకైతే ఇళ్ల కోసం దండగే. ఆదిలాబాద్ చలి వణికిస్తుంది, నిజమే. కానీ ఆ కొద్ది వారాలకు రోడ్లన్నీ తవ్వితే ఎప్పటికీ గిట్టుబాటు కాదు. హెల్సింకిలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇల్లు వెచ్చబెట్టాల్సిందే.

మన అవసరం ఫ్యాక్టరీల్లో ఉంది. బాయిల్డ్ రైస్ మిల్లులకు ఆవిరి కావాలి, కానీ కాల్చడానికి ఊక అక్కడే ఉంటుంది. గీసుగొండ టెక్స్‌టైల్ పార్కు లాంటి చోట లెక్క వేరు: నూలుకు రంగు పట్టాలంటే 60 డిగ్రీల నీళ్లు, పాలిస్టర్‌కైతే 130 డిగ్రీలు కావాలి. ఇంకోటి, లిథియం బ్రోమైడ్ అనే లవణంతో పనిచేసే చిల్లర్లు (చల్లబరిచే యంత్రాలు) 90 డిగ్రీల వేడినీటితోనే చల్లదనం తీస్తాయి. మే నెల ఎండల్లో ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి అదే కదా కావాల్సింది! అయితే అందుకు రియాక్టరే అక్కర్లేదు, ఎండతో కాచిన నీళ్లయినా చాలు.