వినాయక చవితి వేడుకకు యూదు కుటుంబాలనూ పిలవాలంటే 2026లో ఏ తేదీ అనుకూలం?

2026లో వినాయక చవితి సెప్టెంబరు 14, సోమవారం వస్తోంది కనుక, న్యూజెర్సీలోని మీ కాలనీ వేడుకను దానికి ముందు శని, ఆదివారాల్లో జరిపితే ఇరుగుపొరుగు యూదు కుటుంబాలు రాగలుగుతాయా అని అడిగారు. రాలేరు. 12, 13 తేదీలు వారి నూతన సంవత్సరమైన రోష్ హషానా. ఇదే రాష్ట్రంలో మా కాలనీ వేడుకల కమిటీలో కొన్నేళ్లుగా ఉన్నాను కనుక, ఆ తరువాతి వారాంతాల సంగతి కూడా చెబుతాను.

యూదుల పండుగ క్యాలెండరులో కనిపించే తేదీకి ముందునాటి సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది; సూర్యోదయానికి ఉన్న తిథిని చూసుకునే మనకు ఇది వెంటనే స్ఫురించదు. ఉపవాస దినమైన యోమ్ కిప్పూర్ సెప్టెంబరు 21, సోమవారమని చూసి 20వ తేదీ ఆదివారం సాయంత్రం విందు పెడితే, సరిగ్గా అదే వేళకు వారు భోజనం ముగించి ప్రార్థనకు బయలుదేరుతారు. 26, 27 తేదీలు సుక్కోత్ అనే మరో యూదు పండుగ తొలి రెండు రోజులు, అక్టోబరు 3, 4 ఆ పండుగల ముగింపు రోజులు. నిష్ఠగా ఉండేవారు ఈ రోజుల్లోనూ, ప్రతి శనివారమూ పని నిషేధం వల్ల కారు నడపరు. 2024, 2025ల్లో దసరా, యోమ్ కిప్పూర్ ఒకే రోజున వచ్చాయి. ఈసారి మనకు అధిక జ్యేష్ఠం ముందే రావడం, వారి అధిక మాసం 2027లో ఉండడం వల్ల దసరా అక్టోబరు 20కి జరిగింది.

అందువల్ల సెప్టెంబరు 20, ఆదివారం ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించడమే మేలని నా అభిప్రాయం. అయితే అందరి ఆచరణా ఒకేలా ఉండదు, రోష్ హషానా రెండో రోజును పాటించని కుటుంబాలూ ఉన్నాయి కనుక, తేదీ ఖరారు చేసేముందు వారినే అడగండి. హనుక్కా, పూరిమ్ అనే ఇతర యూదు పండుగల రోజుల్లో పని నిషేధం లేదు కాబట్టి అప్పటి కార్యక్రమాలకు ఇంత లెక్క అవసరం లేదు.

తేదీ కుదిరినా మరొక విషయం ఉంది. విగ్రహపూజలో పాల్గొనడానికీ, నైవేద్యం పెట్టిన ప్రసాదం తీసుకోవడానికీ నిష్ఠాపరులైన యూదులకు మతపరమైన అభ్యంతరం ఉంటుంది. దీన్ని అవమానంగా భావించనక్కరలేదు. మేము పూజ, హారతి ముందే పూర్తిచేసి, పిల్లల ఆటలకూ భోజనానికీ వేరే సమయం రాసి ఆహ్వానం పంపుతాము. శాకాహారమైనంత మాత్రాన కోషర్ (యూదుల ఆహార నియమాలకు తగినది) కాదు కాబట్టి, కోషర్ ముద్ర ఉన్న, సీలు తీయని తినుబండారాలు, కాగితపు పళ్లేలు విడిగా ఒక బల్లపై పెడతాము.