డాక్టర్ సలహా: కౌలాలంపూర్‌లో ఒక్క రాత్రి ఆగాం... ఒకరికి వాంతులు, ఒకరికి దద్దుర్లు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నా వయసు 61, మా శ్రీమతికి 56. తొమ్మిదేళ్లుగా నాకు షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్, టెల్మిసార్టాన్ వాడుతున్నాను. నవంబరులో మెల్‌బోర్న్‌లోని అమ్మాయి దగ్గరకు వెళ్తూ కౌలాలంపూర్‌లో ఒక రాత్రి ఆగాం. సాయంత్రం నుంచి కుండపోత వాన. కాస్త తెరిపి ఇచ్చాక, రాత్రి 9 గంటలకు హోటల్ పక్కనే రేకుల కింద ఉన్న దుకాణంలో నేను అరిటాకు పొట్లంలో కట్టిన నాసి లెమాక్, ఆమె అన్నంతో ఆకుకూర వేపుడు తిన్నాం. ఒంటిగంటకు నాకు వాంతులు మొదలై, తెల్లవారేలోగా నాలుగైదు విరేచనాలయ్యాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ మాత్ర రెండు పూటలు వేసుకున్నాను. రోజువారీ మాత్రలు కూడా మానకుండా వేసుకుని విమానం ఎక్కితే, సీట్లోంచి లేవగానే కళ్లు తిరిగి పడబోయాను. మా శ్రీమతికి భోజనమైన అరగంటలోనే పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, సెట్రిజిన్ వేసుకుంటే తగ్గాయి. ఆమెకు రొయ్యలు పడవు, కానీ ఆ రోజు రొయ్యలు తినలేదు. జనవరి చివర్లో అదే దారిలో తిరిగి వస్తున్నాం. ఈసారి అక్కడి తిండి జోలికి పోకూడదా?

జవాబు: మీరిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నా, వచ్చిన ఇబ్బందులు వేరు, వాటి కారణాలూ వేరు. 2023 డిసెంబరు నుంచి మలేసియా భారతీయులను వీసా లేకుండా అనుమతించడం మొదలుపెట్టాక, దారిలో ఒక రాత్రి అక్కడ ఆగి వెళ్లేవారి నుంచి ఇలాంటి ప్రశ్నలు నాకు తరచుగా వస్తున్నాయి. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు మీ సంగతి. మీరు రాసినవాటిలో నాకు బాగా పనికివచ్చింది 9 గంటలకు తినడం, ఒంటిగంటకు వాంతి కావడం అన్న లెక్క. ఆహారంతో కడుపులోకి వెళ్లిన ఇ-కొలై, కాంపైలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు పేగుల్లో పెరిగి జబ్బు చేయడానికి సాధారణంగా ఒక రోజు, ఒక్కోసారి నాలుగైదు రోజులు పడుతుంది. నాలుగు గంటల్లోనే వాంతులు వచ్చాయంటే, పొట్లం విప్పేసరికే అందులో విషం తయారై ఉండవచ్చని అనుమానించాలి. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మేల్కొని విషాన్ని తయారు చేస్తాయి, ఆ విషం తిరిగి వేడి చేసినా పోదు. వంటవాడి చేతుల నుంచి చేరే స్టెఫిలోకాకస్ కూడా ఇదే తీరు. రెండింటికీ ఒకటి నుంచి ఆరు గంటల వ్యవధి సరిపోతుంది.

నాసి లెమాక్ అంటే కొబ్బరిపాలతో వండిన అన్నం, పక్కన ఎండు నెత్తళ్లు, వేరుశెనగ గుళ్లు, కీరదోస ముక్కలు, ఉడికించిన గుడ్డు, కారంగా ఉండే సంబల్. మలేసియా వాళ్లు పొద్దున్నే ఫలహారంగా తినేది, కడుపుకు ఏ కీడూ చేయని వంట. కానీ కొబ్బరిపాలు పోసి మన ఇంట్లో పొద్దున వండిన అన్నాన్ని బల్ల మీద వదిలేసి రాత్రి 9 గంటలకు మనం తింటామా? వాన పడిన సాయంత్రం జనం రారు, కట్టిన పొట్లాలు అమ్ముడుపోవు, 5 డిగ్రీలకు పైన 60 డిగ్రీలకు లోపల, అంటే సూక్ష్మజీవులకు అనువైన వెచ్చదనంలో, గంటల కొద్దీ అలాగే ఉంటాయి. మీ విషయంలో ఇదే జరిగిందని రుజువు చేయలేను, కానీ నా అనుమానం వంటకం మీద కాదు, అది ఎన్ని గంటలుగా అక్కడ ఉన్నదన్న దాని మీద. ఆ మాటకొస్తే కౌలాలంపూర్‌లో భారతీయుల హోటళ్లు ఎక్కువగా ఉండే బ్రిక్‌ఫీల్డ్స్‌లో మనకు తెలిసిన ఇడ్లీ దొరుకుతుంది కదా అని వెళ్లి, మధ్యాహ్నం నుంచి గిన్నెలో ఉన్న కొబ్బరి చట్నీ రాత్రి వేసుకున్నా ఇదే అవుతుంది.

ఇలా విషం వల్ల వచ్చిన వాంతులకు యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా మీరు వేసుకున్న ఓఫ్లాక్సాసిన్ క్వినలోన్ తరగతికి చెందిన మందు. ఆగ్నేయాసియాలో విరేచనాలు కలిగించే సూక్ష్మజీవుల్లో చాలావి దానికి లొంగవు. షుగర్ ఉన్నవారిలో అది రక్తంలో చక్కెరను ఉన్నట్టుండి పెంచవచ్చు, పడేయనూ వచ్చు. జ్వరం గానీ, మలంలో రక్తం గానీ ఉంటేనే యాంటీబయాటిక్ గురించి ఆలోచించాలి, అదీ డాక్టరును అడిగాకే. అలాంటప్పుడు విరేచనాలు ఆపే లోపెరమైడ్ కూడా వేసుకోకూడదు.

మీ లేఖలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది విమానంలో కళ్లు తిరగడం. మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదని మేమే చెబుతాం, మీరు నమ్మకంగా పాటించారు. కానీ ఒంట్లోంచి నీరు పోతున్నప్పుడు ఆ మూడు మాత్రలూ మీకు ఎదురు తిరుగుతాయి. డపాగ్లిఫ్లోజిన్ చక్కెరతో పాటు నీటిని కూడా మూత్రంలోకి పంపుతూనే ఉంటుంది. నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలు తమ వడపోతను నిలుపుకునేందుకు వాడుకునే ఏర్పాటును టెల్మిసార్టాన్ అడ్డుకుంటుంది, బీపీని ఇంకా దించుతుంది. మూత్రపిండాల పని మందగిస్తే, వాటి ద్వారానే బయటకు పోవలసిన మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంటుంది. అందుకే వాంతులు, విరేచనాలతో తిండి, నీరు నిలవని రోజున ఈ మూడింటినీ తాత్కాలికంగా ఆపి, మామూలుగా తిని తాగగలిగిన తరువాత 24 నుంచి 48 గంటలకు తిరిగి మొదలుపెట్టడం వైద్యులు సాధారణంగా చెప్పే పద్ధతి. ఇన్సులిన్ వాడేవారు మాత్రం తమంతట తాము పూర్తిగా ఆపకూడదు. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడేవారికి తిండి లేనప్పుడు షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. డపాగ్లిఫ్లోజిన్ విషయంలో ఇంకొక సంగతి: మీటరులో షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాన్ని పెంచే కీటోన్లు పెరగవచ్చు. కాబట్టి కడుపునొప్పి, వికారం తగ్గకపోయినా, ఊపిరి వేగంగా వస్తున్నా, మీటరులో అంకె బాగానే ఉందని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఉంటుందని షుగర్ ఉన్నవారు భయపడి మానేస్తుంటారు. లీటరులో ఉండేది 13.5 గ్రాముల గ్లూకోజు మాత్రమే, ఉప్పు పేగుల నుంచి రక్తంలోకి చేరాలంటే అది ఉండాలి. విరేచనమైన ప్రతిసారీ ఒక గ్లాసు, వాంతులుంటే చెంచా చెంచాగా తాగండి. పొట్లం మీద ఎంత నీటిలో కలపాలో చూడండి: 20.5 గ్రాములది లీటరుకు, చిన్నది గ్లాసుకు. పెద్ద పొట్లాన్ని అరలీటరు సీసాలో కలిపితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది. అట్టపెట్టెల్లో అమ్మే పండ్ల రుచి పానీయాలు దీనికి బదులు కావు. వాటి పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దానికోసం ఏళ్ల తరబడి పోరాడారు.

ఇక మీ శ్రీమతి. ఆ ఆకుకూర బహుశా కంగ్‌కుంగ్, అంటే మన తూటికూర. దాన్ని అక్కడ ఎక్కువగా బెలచాన్ వేసి వేపుతారు. చిన్న రొయ్యలను ఉప్పుతో పులియబెట్టి, ఎండబెట్టి కట్టే ముద్ద అది. మన గోదావరి జిల్లాల రొయ్యపొట్టు వాసన తెలిసినవారికి సులభంగానే తెలుస్తుంది, కానీ వెల్లుల్లి, మిరపకాయల మాటున చాలామంది గుర్తుపట్టలేరు. ఆకుకూర కదా అని అడగకుండా తింటే ఇలా అవుతుంది. మీరు తిన్న పొట్లంలోని సంబల్‌లో కూడా అది ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి మీ పొట్లంలోంచి ఒక ముద్ద రుచి చూసినా ఆమెకు ముప్పే. రొయ్యల అలర్జీకి ముఖ్య కారణమైన ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ వంట వేడికి చెడదు, బాగా వేగింది కదా అనుకోవడానికి లేదు.

పెదవులు వాయడం చిన్న విషయం కాదు. ఒకసారి తగ్గిన అలర్జీ కొన్ని గంటల తరువాత మళ్లీ తిరగబెట్టవచ్చు, ఆ సమయానికి విమానంలో ఉంటే చికిత్స దొరకడం కష్టం. గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా సెట్రిజిన్ మీద ఆధారపడకూడదు. వెంటనే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి. మలేసియాలో అత్యవసర నంబరు 999. జనవరి లోపల మెల్‌బోర్న్‌లోనే అలర్జీ నిపుణులను కలిసి చర్మ పరీక్ష చేయించి, తనే ఇచ్చుకోగల ఎడ్రినలిన్ ఇంజెక్షన్ అవసరమో కాదో అడగండి. రొయ్యలు పడవని, బెలచాన్ వద్దని మలయ్‌లో రాయించుకున్న కాగితం దగ్గర ఉంచుకుంటే, దుకాణంలో చూపించడం మాటలతో చెప్పడం కంటే సులభం.

కాబట్టి, అక్కడి తిండి మానేయనక్కర్లేదు. కళ్లెదుట పెనం మీద అప్పటికప్పుడు వేసిన రొట్టి చనాయ్, పొగలు కక్కే నూడుల్స్ పులుసు, మీరే ఒలుచుకునే రంబుటాన్ నిశ్చింతగా తినండి. మీ శ్రీమతి మాత్రం పులుసులో రొయ్యలు, బెలచాన్ లేవని అడిగాకే తినాలి. పూర్తిగా ఉడకని కెరాంగ్ గుల్లలు మాత్రం వద్దు, హెపటైటిస్-ఎ, టైఫాయిడ్ వాటి ద్వారా వస్తాయి. వాన గురించి నా దిగులు ఆకాశం నుంచి పడే నీటిని గురించి కాదు, రోడ్డు మీద నిలిచిన నీటిని గురించి. షుగర్ ఉన్నవారు చెప్పులతో అందులో నడిచి, తడిసిన సాక్సుతోనే ఎనిమిది గంటల విమానం ఎక్కితే కాలి వేళ్ల మధ్య చర్మం నాని పగులుతుంది. ఆ పగుళ్లలోంచి ఎలుక జ్వరం కూడా సోకవచ్చు. బ్యాగులో ఒక పొడి సాక్సు జత వేసుకోండి. తిరిగి వచ్చాక రెండు, మూడు వారాల్లో జ్వరం వస్తే మలేసియాలో ఆగిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేసుకోవద్దు.

నవంబరులో కళ్లు తిరిగిన తరువాత మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించినట్టు మీరు రాయలేదు. అది, సోడియం, పొటాషియం ఈ వారంలోనే చేయించండి. ఆ రిపోర్టు మీ షుగర్ డాక్టరుకు పంపి, వాంతులు పట్టుకున్న రోజున ఏ మాత్ర ఆపాలో, ఎప్పుడు తిరిగి వేసుకోవాలో మందుల పేర్లతో సహా రాయించుకుని, ఆ కాగితాన్ని పాస్‌పోర్టులో పెట్టుకోండి.